బస్సులో పక్క సీటు అక్క

ఈ ఉదయం కావలి నుంచి నెల్లూరు బస్సులో వస్తుంటే ఫోన్‌లో వార్త కనిపించింది. మన జిల్లా అంతా ఎరిగిన నాటకాల నటుడు, కొడవలూరు దగ్గర లారీ గుద్ది చనిపోయాడట.

అప్పటిదాకా "నేను ఆయన అక్కని" అని మురిపెంగా చెబుతూ వచ్చినామె నా పక్కనే ఉంది.

"ఇందాక చేస్తే మా తమ్ముడు ఎత్తలా. నీ ఫోన్‌లోంచి చెయ్యి పాపా" అంది.

చేయక తప్పలేదు.

"నెల్లూరు ఆస్పత్రి నుంచి పోలీసును మాట్లాడతా ఉండా. ఆయనకి మీరేమవతారు?" అన్నారు అవతల. కట్ చేసేశాను.

"ఎవురు?"

"ఆస్పత్రిలో ఉండాడంట అక్కా. నేనూ వస్తా."

ఆమె నా ముఖంలోకి చూసింది. "ప్రాణంతో ఉండాడా?"

అబద్ధం నోట రాలేదు. తల అడ్డంగా ఊపాను. ఆస్పత్రి దాకా ఆమె నా చెయ్యి వదల్లేదు.

మీరైతే ఏం చెప్పేవారు?