రెండో నంబరు మీద నా అనుమానం

నిన్న పొద్దున పెసరట్టు వేస్తుంటే మా ఆయన ఫోన్ పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

“బాపట్లలో బాబాయిగారు పోయారంట. హార్ట్ ఎటాక్.”

నేను నమ్మలేదు. ఎవరు చెప్పారు, ఏ నంబర్ నుంచి వచ్చింది అని అడిగాను. మొన్న సాయంత్రమే కదా, మెట్ల దగ్గర బ్యాగ్ పట్టుకుని నాతో మాట్లాడారు.

కింద నుంచి పిన్నిగారి ఏడుపు వినపడ్డాక స్టవ్ ఆపాను.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. లాయర్ సత్యానందం గారు తెనాలిలో మా ఇంటి ఓనర్. కింద వాళ్ళు, పైన మేము. బాబాయిగారి సొంత ఊరు రేపల్లె. పెళ్ళై వచ్చినప్పటి నుంచి నాకు బాబాయిగారే. ఎదురుపడి మాట్లాడాలంటే మాత్రం సిగ్గు. ఏం అడిగినా తల ఊపేదాన్ని.

ఆయనకి ఒకటే పట్టుదల. మున్సిపల్ ఎలక్షన్లలో ఒక్కరికి ఓటేసి ఊరుకోకూడదు, నచ్చిన వరుసలో ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేయాలి. ఎవరికీ సగం దాటకపోతే అందరికంటే తక్కువ వచ్చినవాళ్ళని తీసేసి, ఆ ఓట్లు వాటి మీద రెండో నంబరు ఉన్నవాళ్ళకి కలపాలి.

మా వార్డులో మంచివాళ్ళు ఇద్దరు ఓట్లు పంచుకుంటే, ఎక్కువమంది వద్దనుకున్న మనిషి గెలిచాడని ఆయన బాధ. దీని మీద హైకోర్టులో కేసు వేయాలని ఫైల్ తయారు చేస్తున్నారు.

మా ఆయన డిగ్రీ. ఎమ్మెల్సీ ఓటు ఇలాగే నంబర్లు రాసి వేస్తారు. నేను ఐదో తరగతి. డిగ్రీవాళ్ళ పద్ధతి మా మీదకి ఎందుకు తెస్తున్నారని నాకు మొదటి నుంచీ అనుమానం.

మా పొదుపు సంఘానికి లీడర్ని ఎప్పుడూ ఏకగ్రీవంగానే పెట్టుకుంటాం. ఈసారి ముగ్గురు నిలబడ్డారు. బాబాయిగారు సంబరపడి చీటీలు పంచారు. పన్నెండు చీటీలు విప్పితే తొమ్మిదింటిలో ముగ్గురికీ ఒకటో నంబరే.

“ఇదేంటమ్మా?” అన్నారు.

“ఎదురుగా కూర్చున్న వదినకి రెండో నంబరు ఎట్టా ఇస్తామండి? రేపు పంచదారకి గిన్నె తీసుకెళ్తే వేస్తదా?” అంది మరియమ్మక్క.

“చీటీ రహస్యం కదమ్మా.”

“నా రాత వదినకి తెలుసండి.”

అందరం నవ్వాం. ఆయన కూడా నవ్వారు. నవ్వుతూనే ఆ తొమ్మిదీ చెల్లవని పక్కన పెట్టారు.

నాకు అక్కడ నవ్వు ఆగిపోయింది.

నా చీటీలో ఒకటో నంబరు మాత్రమే ఉంది. ఎందుకని అడిగారు. మొదటిసారి నోరు విప్పాను.

“రెండో నంబరు నా ఒకటో మనిషికి అడ్డం పడదా అండి?”

“పడదు కుమారీ. నీ మనిషి పోటీలో ఉన్నంతసేపు దాని జోలికి ఎవరూ వెళ్ళరు.”

“వెళ్ళలేదని ఎవరు చూస్తారండి?”



ఆయన దగ్గరికి ఒక కుర్ర లాయర్ వచ్చి వాదించేవాడు. “మనిషికి ఒకటే ఓటు సార్. రెండో నంబరు లెక్కేస్తే కొందరికి రెండు ఓట్లు ఇచ్చినట్టు కాదా?”

“రేపల్లె రైలు తప్పిపోతే బస్సెక్కుతావు. రెండుసార్లు రేపల్లె వెళ్ళినట్టా?” అనేవారు బాబాయిగారు.

“సరే, చట్టం మార్చాల్సింది అసెంబ్లీ కదా సార్. కోర్టు ఎలా మారుస్తుంది?”

ఈ మాట రాగానే ఆయన చల్లారిన టీ అందుకునేవారు. నేను మెట్ల మీద బట్టలు మడతపెడుతూ వినేదాన్ని. రైలు తప్పించింది ఎవరు అనుకునేదాన్ని.

తర్వాత ఒకరోజు నన్నే అర్జీలో సంతకం పెట్టమన్నారు. “చదువుకున్నవాళ్ళే నంబర్లు వేయగలరని అవతలివాళ్ళంటారు. దానికి నువ్వే జవాబు.”

నా చదువు తక్కువని కోర్టులో చూపించడానికా అనుకున్నాను. పైగా భట్టిప్రోలులో మా నాన్న ఎవరో చెప్పినచోట సంతకం పెట్టి అరెకరం పోగొట్టుకున్నాడు. పెట్టనన్నాను.

ఆయన కోప్పడలేదు. “సంతకం వద్దులే. నీ అనుమానం రాసివ్వు,” అన్నారు.

రాశాను. నాలుగు రోజులు పోపుల డబ్బా కింద దాచాను. లాయర్లందరికీ చూపించి నవ్వుతారేమోనని.

మొన్న బాపట్ల మీటింగ్‌కి వెళ్తూ అడిగారు. “రాశావా కుమారీ?”

“రేపు ఇస్తానండి.”

ఈరోజు మధ్యాహ్నం రేపల్లెలో ఆయన్ని మట్టిలో పెట్టి వచ్చాక, ఆ కుర్ర లాయర్ ఫైల్ తెచ్చి నా ముందు తెరిచాడు. చివరి పేజీ ఖాళీ. పైన బాబాయిగారి రాత.

“కుమారి అనుమానం. జవాబు దొరికాకే కేసు వేయాలి.”

ఆ పేజీ కోసమే కేసు ఆపుకుని కూర్చున్నారు. నేను ఆయన్ని అనుమానిస్తూ కూర్చున్నాను.

పొద్దున కొంగున ముడేసుకున్న నా కాగితం తీసి ఇచ్చాను. అందులో ఉన్నది ఇంతే.

“మా సంఘంలో తొమ్మిది చీటీలు చెల్లవని మాకు ఎదురుగా చెప్పారు. ఊరంతా ఓటేసినప్పుడు తెలియక తప్పు నంబరు వేసినవాళ్ళకి, నీ ఓటు చెల్లలేదని ఎవరు చెప్తారు?”

అతను రెండుసార్లు చదివాడు. నవ్వలేదు. “ఇప్పుడు మాత్రం ఎవరు చెప్తున్నారు సిస్టర్,” అన్నాడు మెల్లగా.

ఆ పద్ధతి మీద నాకు ఇంకా నమ్మకం లేదు. అర్జీ మీద సంతకం పెట్టలేదు. ఆ ఖాళీ పేజీలో నా ప్రశ్న రాసి, దాని కింద మాత్రం పూర్తి పేరుతో పెట్టాను.

మీ పేజీ నిండింది బాబాయిగారూ. ఒక్కరోజు ఆలస్యమైంది, క్షమించండి.

ప్రభువు దగ్గర నెమ్మదిగా నిద్రపోండి.