శుక్రవారం కొన్న మూడు నెలల పాసు

మా ఇంట్లో శుక్రవారం రూపాయి గడప దాటదు. నేను కాపురానికొచ్చిన కొత్తలో ఒక శుక్రవారం పక్కింటావిడ చిటికెడు ఉప్పు అడిగితే, మా అత్త నన్ను వెనక్కి లాగి తలుపు వేసేసింది. సిక్కోలు నుంచి టాటానగర్ బర్మామైన్స్‌లోని ఈ రేకులింటికి ఇత్తడి బిందెతో పాటు ఆవిడ తెచ్చుకున్న పద్ధతి అది.

కిందటేడు నాకు గమ్హరియాలో ఒక కంపెనీ క్యాంటీన్‌లో రొట్టెలు చేసే పని దొరికింది. మొదట్లో ఆటోలు మారి వెళ్ళేదాన్ని. సాయంత్రం వచ్చి గోళ్ళలో ఎండిపోయిన పిండి కడుక్కుంటుంటే అత్త అందుకునేది.

“జీతమంతా ఆటోవోడికే పోత్తన్నావు. ఆడింట్లో వంటకెల్తన్నావేటి?”

నిజమే కాబట్టి గుచ్చుకునేది. ఆవిడ పని మానెయ్యమనేలోగా దారి వెతుక్కోవాలి. నాకు ఆ పని కావాలి. ఇన్నేళ్ళు ఇంట్లో చేసిన రొట్టెల్ని ఎవరూ బాగున్నాయనలేదు. అక్కడ కుర్రాళ్ళు “భాభీ, ఔర్ ఏక్” అని ఇంకోటి అడిగి మరీ తినేవారు.

టాటానగర్ స్టేషన్‌కు మా ఇంటి నుంచి నడిచి పోవచ్చు. గమ్హరియా అక్కడికి రెండో స్టేషనే. ముందు రోజూ టికెట్ కొన్నాను. ఆటోకంటే ఎంతో చవక. కానీ కౌంటర్ దగ్గర వరుసలో ఉండగానే రెండుసార్లు బండి వెళ్ళిపోయింది. క్యాంటీన్ నడిపే ఠేకేదారు, ఇంకోసారి ఆలస్యమైతే వేరే మనిషిని చూసుకుంటానన్నాడు. అప్పుడు నెల పాసు తీసుకున్నాను. వారం పైన తిరిగితే చాలు, దాని ఖరీదు వచ్చేసేది.

అది అయిపోవస్తుండగా మా అమ్మాయి ఫోన్‌లో చూసి, “మమ్మీ, తీన్ మహీనే వాలా లే లో, ఔర్ సస్తా పడేగా” అంది. మూడు నెలల పాసు ఒకేసారి తీసుకుంటే, నెలనెలా మూడు కొన్నదానికంటే తక్కువట.

ఇంటి డబ్బు అత్త బియ్యం డబ్బాలో ఉంటుంది. ఆవిడ మూత తియ్యలేదు.

“మూడు నెల్లూ పనుంటాదని నీకెవులు రాసిచ్చారే?”

“ఉంటాదత్తా.”

“పోతేనో?”

“పోతే ఆ పాసు అట్టుకుని రైల్లో పల్లీలమ్ముతాను.”

ఆవిడ నవ్వు దాచుకోవడం నేను చూశాను.

ఆవిడ ఒప్పుకునేసరికి గురువారం దీపాల వేళయింది. పాత పాసుకి అదే ఆఖరు రోజు. బయట వాన దంచుతోంది, స్టేషన్‌కి వెళ్ళేలా లేదు. తెల్లారితే శుక్రవారం. అత్త కాసేపు ఆలోచించి, పాసు డబ్బుని, నా పర్సులో చిల్లరతో సహా, గుడ్డలో మూటకట్టి ఎదురింటావిడకి ఇప్పించింది.

“ఇయాలే ఇల్లు దాటీసింది కదా. రేపు దార్లో అందుకో. లచ్చిందేవి ఏటీ అనుకోదు.”

తెల్లారి వెళ్తే ఎదురింటికి తాళం. ఆవిడ క్రైస్తవురాలు. శుక్రవారం చర్చిలో ఉపవాస ప్రార్థన. పొద్దున్నే వెళ్ళి ఊడ్చి చాపలు పరిచే వంతు ఆవిడది. శుక్రవారం పట్టింపు లేని మనిషని ఆవిడ దగ్గర దాచాం. ఆవిడకీ ఒక శుక్రవారం ఉందని మరిచాం.

వెనక్కి వచ్చేసరికి అత్త తడిజుట్టుతో గడపకి పసుపు రాస్తోంది. సంగతి చెప్పి, “మరి ఇయాల పనికి మానేత్తాన్లే అత్తా” అన్నాను.

ఆవిడ చెయ్యి ఆగింది. గడప కేసి చూసింది, లోపల డబ్బా కేసి చూసింది.

“నోరు ముయ్యి. ఎల్లి లైన్లో నిలబడు.”

వరుసలో నా ముందు ముగ్గురున్నారు. ఇద్దరయ్యారు. ఒకరయ్యారు. రొప్పుతూ అత్త వచ్చింది, చేతులకి పసుపు అలాగే ఉంది. కొంగుముడి విప్పింది.

“అత్తా, శుక్రారం...”

“శుక్రారం ఇంటికాడ. ఇది స్టేసను.”

కౌంటర్లో అతను “ఏక్ మహీనా యా తీన్?” అన్నాడు. నేను నోరు తెరిచేలోపే నా భుజం మీంచి పసుపు వేళ్ళు మూడు లేచాయి.

“తీన్!”

బండి అందింది.

సాయంత్రం ఎదురింటావిడ లెంపలేసుకుంటూ మూట తెచ్చిచ్చింది. అత్త దాన్ని కళ్ళకద్దుకుని డబ్బాలో పెట్టి, నాకేసి తిరిగింది.

“సూసేవా? శుక్రారం పూట లచ్చి ఇంటికొచ్చింది.”