నేను అందించని మాట

ముందు ఫ్రెంచివాళ్ళ సంగతి చెప్పాలి. నా కోపానికి అక్షరాలు నేర్పింది వాళ్ళే.

భద్రాచలం బస్టాండు పక్క సందులో గోనెసంచి మీద పాత పుస్తకాలు పరిచి అమ్మే ఒకాయన దగ్గర ఆ పుస్తకం కొన్నాను. అట్ట లేదు. మొదటి పేజీలు లేవు. రాసినాయన ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. దేశదేశాల నాటకాల చరిత్ర అది. నేను మూడో తరగతితో బడి మానినవాణ్ణి. కిరాణా పొట్లాల కాగితాలు, బీడీల తునికాకు కల్లంలో పారేసిన ఫారాలు, సరిహద్దు ఊరు కొంటాలో దొరికే హిందీ పేపర్లు చదివి చదివి చదువరినయ్యాను. అట్ట లేనిదంటే నాకు చులకన లేదు.

అందులో ఒక అధ్యాయం ఫ్రాన్సు నాటక రచయితల మీద. సినిమాకు మాటలు వచ్చిన కొత్త రోజులు. అంతవరకూ బొమ్మ కదిలేది, మధ్యమధ్య అక్షరాలు పడేవి. ఉన్నట్టుండి దానికి గొంతు వచ్చింది. గొంతు వచ్చాక మాటలు కావాలి గదా, అవి ఉన్నది నాటకాలవాళ్ళ దగ్గర. కొందరు ముక్కు విరిచారట, ఇదేం కళ, నాటకాన్ని డబ్బాలో పెట్టి మూత బిగించినట్టుంది అని. కొందరు వెళ్ళారు. వెళ్ళినవాళ్ళలో కొందరి మాటలను స్టూడియోలో ఎవడు పడితే వాడు కోసేవాడు, అతికించేవాడు. కొందరు మాత్రం మొండికేశారు. మాట రాసినవాడిదే సినిమా, తీసేవాడు మోసుకుపోయేవాడు మాత్రమే అన్నారు. తమ నాటకాలను తామే దగ్గరుండి తీయించుకున్నారు.

వాళ్ళ పేర్లు ఇక్కడ రాయను. ఆ పుస్తకం అచ్చు వేసినాయన ఒకే మనిషి పేరును పేజీకొక తీరుగా వేశాడు. ఒక మనిషి పేరు తప్పుగా రాయడం కన్నా రాయకపోవడం మర్యాద. కావాలని రాయకపోవడం వేరే సంగతి, దానికి వస్తున్నాను.

ఇంకొక ముక్క చదివి నవ్వుకున్నాను. ఆ రోజుల్లో ఒకే ఇల్లు కట్టి, ఒకే కుర్చీలు వేసి, పొద్దున ఒక భాషవాళ్ళతో, సాయంత్రం ఇంకొక భాషవాళ్ళతో అదే కథ తీసేవారట. మేం చేసిందీ అదే. మా పడవ నాటకం మా ఊరు మరైగూడలో తెలుగులో ఆడేవాళ్ళం, లోపలి ఊళ్ళలో దోర్లవాళ్ళ దోర్లీలో. గొడవల్లో రోడ్డు మూతపడక ముందు జగర్గుండా సంతకు పోయినప్పుడు సగం గోండీ కలిసేది. పడవ మాత్రం ఒక్కటే, వెదురు తడికలు కట్టిన పడవ.

ఆ పడవ నాటకం రాసింది నేను. కల్లంలో లెక్కలు రాసే పనిలో ఉండగా, మధ్యాహ్నం ఆకు కట్టలు ఎండుతున్నప్పుడు, చెల్లని ఫారాల వెనక వైపు రాశాను. కథ చిన్నది. శబరి నది దాటించే ఒకతని భార్య చనిపోయింది. శవాన్ని అవతలి ఒడ్డున ఉన్న ఆమె పుట్టింటివాళ్ళ దగ్గరికి చేర్చాలి. అదే వేళకు కాంట్రాక్టరు వచ్చి, ముందు నా ఆకు కట్టలు దాటించు అంటాడు. కట్టలూ కాంట్రాక్టరూ శవమూ అందరూ ఒకే పడవలో ఎక్కుతారు. నది నడుమ పడవవాడు గెడ ఆపి మాట్లాడతాడు. నాటకమంతా ఆ మాట కోసమే.

మా నాటక దళంలో అందరూ సేద్యగాళ్ళు. ఇద్దరికి తప్ప అక్షరాలు రావు. అందుకని నేనొక పద్ధతి పెట్టాను. ఎవరూ బట్టీ పట్టకూడదు. తడిక వెనక నేను కూర్చుని ప్రతి మాటా మెల్లగా ముందు అంటాను, వాళ్ళు విని అప్పుడే పుట్టినట్టు పైకి అంటారు. దీన్నే మేం అందించడం అనేవాళ్ళం. నా మాట వినబడకపోతే వేషగాడు భుజం మీది తువ్వాలు కొస రెండుసార్లు లాగాలి. లాగితే మళ్ళీ అందిస్తాను. చూసేవాళ్ళకు తెలియదు. ఏ ఊళ్ళోనూ ఎవరూ పట్టుకోలేదు. ఆ పద్ధతి పెట్టింది నేనే కాబట్టి, తర్వాత జరిగినదానిలో నా చేతి పని కూడా ఉందని ఒప్పుకుంటాను. తప్పు మాత్రం నాది కాదు.

పడవవాడి వేషం మా మేనత్త కొడుకుది. మంచి ఒడ్డూ పొడుగూ, గంట మోగినట్టు గొంతు. బుర్రలో మాత్రం ఒక్క వాక్యం నిలవదు. అందరికన్నా ఎక్కువగా తువ్వాలు లాగింది వాడే. పంతొమ్మిదేళ్ళు నా నోటి మాట తిన్నవాడు. తర్వాత కొంటాలో టెంటుహౌసు పెట్టాడు. షామియానాలు, కుర్చీలు, మైకులు అద్దెకిచ్చే కొట్టు.

సీడీల కాలంలో వాడే వచ్చి, మన పడవ నాటకాన్ని సినిమా తీద్దాం బావా అన్నాడు. జగదల్‌పూర్ నుంచి పెళ్ళిళ్ళ వీడియోలు తీసే ఒకతన్ని తెచ్చాడు. అతనికి హిందీ తప్ప మరో ముక్క రాదు. నాకు ఆ ఫ్రెంచి అధ్యాయం కళ్ళలో మెదిలింది. మా నాటకానికీ గొంతు పెట్టె వచ్చింది, నేను దగ్గరుండి తీయించుకుంటాను అనుకున్నాను. శబరి ఒడ్డున నాలుగు పగళ్ళు తీశారు. నాలుగు పగళ్ళూ నేను గడ్డివామి వెనకా, పడవ అడుగు పలకల మధ్యనా ముడుచుకుని అందించాను. మరి బట్టీ లేదు గదా. కెమెరా వచ్చిందని పద్ధతి ఎట్లా మారుతుంది? మాలో ఎవరికీ తట్టనేలేదు, ఎదుట జనం చెవులు కాదు ఉన్నది, మైకు అని. అది పడవవాడి గొంతునూ వింది, నా గొంతునూ వింది. కెమెరా అతనికి రెండు గొంతులూ వినబడే ఉంటాయి. భాష రాదు కాబట్టి, ఈ దేశంలో మనుషులు ఇట్లాగే జంటగా మాట్లాడతారు కాబోలు అనుకుని ఊరుకున్నాడు.

సీడీ వచ్చింది. సంత రోజు కొంటాలో ఒక టీ కొట్టులో టీవీ పెట్టి వేశారు. ముందు అక్షరాలు పడ్డాయి. కథ, మాటలు, దర్శకత్వం, మూడింటికీ కలిపి వాడి పేరు, టీవీ అంచులు దాటేంత పెద్దది. తర్వాత కృతజ్ఞతలు. పడవ ఇచ్చినాయనకు, ఎద్దులు ఇచ్చినాయనకు, అన్నం వండిపెట్టినామెకు. నేను చివరిదాకా చూశాను. ఎద్దులవాడి పేరు ఉంది, నా పేరు లేదు.

నా పేరు లేదు గాని నేనున్నాను. సినిమా మొదలైన మరుక్షణం నుంచి నా గొంతు. పడవవాడు నోరు తెరవక ముందే అడుగు నుంచి సన్నగా ఒక మాట వస్తుంది, ఆ వెంటనే అదే మాట వాడు ఉరుముతాడు. టీ కొట్టులో జనం నవ్వారు. పడవలో దయ్యముందా, అన్నీ ముందే చెప్తాంది అన్నాడొకడు.

మర్నాడు టెంటుహౌసుకు పోయాను. వాడు కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చుతున్నాడు. నేను గట్టిగా అడగలేదు. పేరు సంగతేంది అన్నాను అంతే. వాడు చేతిలో కుర్చీ దించకుండానే నవ్వి అన్నాడు:

"సినిమా అంతా నీ గొంతే ఉండె గదా బావా. ఇంక పేరెందుకు?"

ఆ ఒక్క మాటకు నేను వాణ్ణి ఇరవై ఏళ్ళు క్షమించలేదు. ఎదురుగా నిలబడి కొట్టి ఉంటే మర్చిపోయేవాణ్ణేమో. వాడు తెలివిగా అన్నాడు, ఆ తెలివి కూడా వాడిది కాదు. పంతొమ్మిదేళ్ళు నా మాటలు నోట్లో ఆడితే ఆ మాత్రం వచ్చింది.

ఆ రోజు నుంచి అందించడం మానేశాను. వాడికే కాదు, ఎవరికీ. దళం రెండుసార్లు నేను లేకుండా ఆడి, రెండుసార్లూ నది నడుమ నోరు మెదపలేక పడవ దిగి, విడిపోయింది. మా ఆవిడ నెలల తరబడి నన్ను సాధించింది. వాని మీది కోపం వాని మీద చూపెట్టు, పదిమంది నోటికాడి మాట ఎందుకు గుంజుకుంటివి అన్నది. ఆమె అన్నదాంట్లో న్యాయం ఉందని నాకు అప్పుడే తెలుసు. అయినా మానలేదు. ఫ్రెంచి పుస్తకం తీసి ఆ అధ్యాయం మళ్ళీ చదువుకునేవాణ్ణి. మొండికేసినవాళ్ళ భాగం నాకు నోటికి వచ్చేసింది.

పోయిన ఎండాకాలం కొంటా కుర్రకారు పాత కళాకారులకు సన్మానం అని పెట్టారు. మా వైపు సినిమా తీసిన తొలి మనిషని వాడే ముఖ్యుడు. ఆహ్వాన కాగితంలో వాడి పేరు ముందు రచయిత అని ఉంది. కింద, శాలువా కప్పించుకునే వాళ్ళ జాబితాలో పదకొండోవాణ్ణి నేను, సహాయకుడు అని. మా ఆవిడ కాగితం పక్కన పడేసి, పోవద్దు అన్నది. నేను ఉతికిన చొక్కా వేసుకుని పోయాను. ముందు వరసలో, సరిగ్గా మైకుకు ఎదురుగా కూర్చున్నాను.

ఎండ వేళ. షామియానా వాడిదే, కుర్చీలు వాడివే, మైకు వాడిదే, ఊపిరి తీసుకున్నా వినబడే మంచి మైకు. వాడికి శాలువా కప్పారు. ఒకతను లేచి, అయ్యా మీరు రాసిన ఆ పడవవాడి మాట మీ నోట వినాలని ఉంది అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

వాడు గొంతు సవరించుకున్నాడు. నిలబడ్డ తీరు ఇంకా పడవవాడిదే, కాళ్ళు ఎడంగా పెట్టి, లేని గెడను పట్టుకుని. "ఈ ఒడ్డున," అన్నాడు. ఆగాడు. "ఈ ఒడ్డున నువ్వు," అన్నాడు. అక్కడితో అయిపోయింది. కళ్ళు గుంపు మీద తిరిగి తిరిగి నా మీదకు వచ్చి నిలిచాయి. అప్పుడు వాడి చెయ్యి దానంతటదే పైకి లేచి, ఆ కొత్త శాలువా కొసను రెండుసార్లు లాగింది.

నా నాలుక చివర మాట ఉంది. ఇరవై ఏళ్ళ పగ ఒక వైపు, పంతొమ్మిదేళ్ళ అలవాటు ఒక వైపు. నిజం చెప్పాలంటే పెదవులు కదలబోయాయి. పళ్ళు బిగించాను.

వాడు మళ్ళీ లాగాడు. నేను వాడి కళ్ళలోకే చూస్తూ కూర్చున్నాను. చివరికి వాడు కొద్దిగా వంగి, మెల్లగా అన్నాననుకుని, మైకులోనే అన్నాడు:

"అందియ్యరాదే బావా."

షామియానా అంతా విన్నది. నవ్వాలో వద్దో ఎవరికీ తెలియలేదు. అప్పుడు వెనక వరసలో ఒక ముసలాయన లేచాడు. మా నాటకంలో శవం వేషం ఆయనది. దోర్ల రైతు. పంతొమ్మిదేళ్ళు దుప్పటి కప్పుకుని పడవలో పడుకున్నాడు, ఒక్క మాట లేదు ఆయనకు నాటకం మొత్తంలో.

"రాసినోనికి అందిచ్చుడేంది?" అన్నాడు.

అడిగిన తీరులో వెక్కిరింత లేదు. నిజంగా తెలియక అడిగినట్టే అడిగాడు. అందుకే అది అంత లోతుగా దిగింది. ఆయన వేదిక వైపు చూసి, ఇక లాభం లేదనుకుని, నిలబడ్డ చోటనే ఆ మాట తనే అన్నాడు. దుప్పటి కింద పడుకుని విన్న మాట.

"ఈ ఒడ్డున నువ్వే దొరవు, ఆ ఒడ్డున నువ్వే దొరవు. నడి నీళ్ళల్ల మాత్రం నేను కూసోమన్న కాడ కూసోవాలె."

ఒక్క అక్షరం పోలేదు. అనేసి, గడ్డంతో నా వైపు చూపించాడు. "ఈయన రాసిండు. మేం అందరం ఎరుగుదుం," అని కూర్చున్నాడు.

సన్మానం చేసిన కుర్రాళ్ళు నన్ను వేదిక ఎక్కమన్నారు. ఎక్కలేదు. నా పని కూర్చున్న చోటే అయిపోయింది. శాలువా కూడా తీసుకోలేదు. సహాయకుడికి కప్పే శాలువా నాకెందుకు?

వారం తర్వాత వాడు మరైగూడ వచ్చాడు. మనిషి సగమయ్యాడు, కొంటా బజారులో కనబడ్డవాడల్లా అందియ్యాల్నా అని అడుగుతున్నాడట. మా ఆవిడ నీళ్ళిచ్చింది, మంచం వాల్చింది. వాడు చాలాసేపు వానల గురించి మాట్లాడాడు. లేచేముందు అన్నాడు:

"ఒక్క మాట అందిస్తే నీకేం తక్కువైతుండె బావా?"

ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. జవాబు నా దగ్గర ఇరవై ఏళ్ళ కిందే ఉంది, వాడే ఇచ్చాడు.

"నీ సినిమా అంతా నా గొంతే ఉండె గదా బావా. ఇంక నోరెందుకు?"

వాడు చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. మా ఆవిడ ఆ పూట నా అన్నం నన్నే పెట్టుకోమన్నది.

ఈ మధ్య వాడి కూతురు ఆ సినిమాను ఫోన్లలో చూసేట్టు పెట్టింది. కథ, మాటలు అన్నచోట నా పేరు వేసింది, తప్పు లేకుండా. ఎవరు వేయమన్నారో నేను అడగలేదు. దాంతో లెక్క తీరిందని అనుకోవడం లేదు కూడా. మధ్యాహ్నం పూట అన్నం తిన్నాక ఫోను పెద్ద సౌండు పెట్టి చూస్తాను. శబరి కనబడుతుంది, పడవ కనబడుతుంది, వాడు ఛాతీ విరుచుకుని నిలబడి ఉంటాడు. వాడు నోరు తెరవక ముందే పడవ అడుగు నుంచి నేను అంటాను. ఆ తర్వాతే వాడు.