మైథిలి కాగితంలో ఐదు వరుసలు

దయ్యాలు, ఆత్మలు, ఇటువంటివి నేను నమ్మినవాణ్ణి కాను. తమిళనాడులో కినత్తుకడవు దగ్గర మాకు కొబ్బరి పీచు మిల్లు ఉంది. అది కట్టేటప్పుడు ఆ స్థలంలో ఎవరో తిరుగుతారని ఊళ్ళో చెప్పినారు. ఇరవై ఏళ్ళయింది. కుక్కలు తప్ప ఏమీ తిరగలేదు.

మాది ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం. మా తాతల కాలం నుంచీ అంతే. తెలుగు మాట్లాడతాము గానీ మాలో చదవడం, రాయడం వచ్చినవాళ్ళు లేరు. ఇప్పుడు మీరు చదువుతున్నది నేను నలభై ఎనిమిదో ఏట నేర్చుకున్న అక్షరాలతో రాసింది. తప్పులుంటే సర్దుకోండి.

ముందు ఒక సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

నా భార్య మైథిలిది చిన్నమనూరు, పళని మీదుగా కారులో ఐదారు గంటల దారి. ఆరేళ్ళ కిందట ఒక పొద్దున తొమ్మిదికి వాళ్ళ పెదనాన్న నాకు ఫోన్ చేసినారు. మా మామగారు పోయినారు. "పాపకు ఫోన్లో చెప్పొద్దు. నువ్వు మెల్లిగా చెప్పి పిలుచుకొని రా" అన్నారు. మైథిలిని పుట్టింట్లో పాప అనే పిలుస్తారు.

ఆ రోజు కేరళ నుంచి పీచు కొనేవాళ్ళు మిల్లుకు వచ్చి ఉన్నారు. ఒక గంటలో పంపేసి చెబుదామనుకున్నాను. గంట మూడు గంటలయింది. మధ్యలో పెదనాన్న మళ్ళీ ఫోన్ చేస్తే, పళని దాటినామని చెప్పినాను. అప్పటికి నేను ఇల్లు కూడా దాటలేదు. మైథిలికి చెప్పింది పన్నెండుకు. ఇప్పుడే ఫోన్ వచ్చిందన్నాను.

మేము చేరేసరికి ఆరు. పొద్దు ఉండగానే ముగించాలని అప్పటికే ఎత్తేసినారు. ఆమె తండ్రి మొహం చూడలేదు. దారిలో టైరు పంక్చరయిందని అక్కడ చెప్పినాను. చీకట్లో, ఏడుపుల్లో ఎవరూ అడగలేదు. తొమ్మిది గంటల ఫోను సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరం, నేను, పెదనాన్న. ఆరు నెలలకు ఆయనా పోయినారు.

ఆ తరువాత మైథిలి ఎదురుగా కూర్చొని తినడం నా వల్ల కాలేదు. ముందే తినేసి మిల్లుకు పోయేవాణ్ణి. మాటలు తగ్గినాయి. మా అమ్మాయి కోయంబత్తూరులో హాస్టల్‌కు పోయినాక ఇంట్లో చప్పుడే లేదు.

పోయిన ఏడాదికి ముందు ఏడు మైథిలే ఒక శిబిరం సంగతి చెప్పింది. పొల్లాచ్చి దాటి ఆనమలై అడవి అంచున, పాత కాఫీ తోటలో మూడు రోజులు. భార్యాభర్తలకు మాత్రమే. నడిపేది వరదరాజులు మాస్టరు, ఆయన భార్య ఆండాళమ్మ. ఇద్దరూ బడిలో పని చేసి రిటైరయినవాళ్ళు, పెరుమాళ్ళ భక్తులు. సంసారం బాగుపడితే భక్తి నిలుస్తుంది, భక్తి ఉంటే సంసారం నిలుస్తుంది, ఇదీ వాళ్ళ మాట. నాకు పెద్దగా నమ్మకం లేదు. కాదంటే ఎందుకని అడుగుతుందని పోయినాను.

మొత్తం ఆరు జంటలు, అందరూ మావైపు తెలుగువాళ్ళే. ఫోన్లు మొదటి రోజే తీసి పెట్టెలో పెట్టేసినారు. పొద్దున భజన, తరువాత అడవిలో నడక, ఒకరికొకరు వడ్డించుకొని తినడం. ఏనుగులు రాకుండా చుట్టూ కరెంటు కంచె. పక్కన చిన్న వాగు.

రెండో రోజు పదకొండు గంటలకు అందరికీ తలా ఒక కాగితం ఇచ్చినారు. ఒకే నోటుపుస్తకంలోంచి చించినవి. ప్రతి కాగితం పైన ఎవరి పేరు వాళ్ళది ఆండాళమ్మ ఎర్ర ఇంకుతో తమిళంలో రాసింది. వాగు పక్కన దూరదూరంగా కూర్చొని, నోటితో చెప్పలేని మాట భర్తకో భార్యకో రాయాలి. గంటసేపు. ఆండాళమ్మ అందరూ కనబడేట్టు రాతి మీద కూర్చొనింది. రాసినాక ఆమె ఎదుటే కవరులో పెట్టి అంటించి ఇచ్చేసినాము.

నేను రాయవలసింది నాకు తెలుసు. రాయలేదు. వచ్చే ఏడు తిరుపతి పోదామని రాసినాను.

భోజనాలయినాక కవర్లు మార్చుకున్నాము. మైథిలి నా కాగితం చదివి, మడిచి, కవరులో పెట్టేసింది. నేను ఆమెది తెరిచినాను. పైన ఎర్ర ఇంకుతో తమిళంలో మైథిలి పేరు. కింద నీలం పెన్నుతో ఐదు వరుసలు. ఒక్క అక్షరం నాకు తెలియలేదు.

"ఏం రాసినావు ఇది?" అన్నాను.

ఆమె తొంగి చూసింది. "ఇది నాది కాదే" అంది.

కాగితం మారిందేమో అనుకున్నాము. పైన పేరు ఉంది. మిగతా కాగితాలన్నీ సరిగానే ఉన్నాయి. మైథిలి తాను రాసింది వరుసగా చెప్పింది. "నాలుగేళ్ళుగా నాతో కూర్చొని ఎందుకు తినరు, నేనేం చేసినాను, అని రాసినానండి. ఒక పక్క నిండా రాసినాను." ఆమె రాతలో కొట్టివేతలు ఎక్కువ, అక్షరాలు ఎడమకు వాలతాయి. ఈ కాగితంలో కొట్టివేత ఒక్కటి లేదు. అక్షరాలు నిటారుగా ఉన్నాయి.

వరదరాజులు మాస్టరు కాగితాన్ని వెలుతురుకు పట్టి చూసినారు. "ఇవి తెలుగు అచ్చరాలే" అన్నారు. "చదవండి" అంటే, "నాకెక్కడ వచ్చు" అన్నారు. పన్నెండు మంది తెలుగువాళ్ళం నిలబడి చూసినాము. ఒక్కరికీ రాలేదు.

మైథిలి పక్కకు ఎవరూ పోలేదని ఆండాళమ్మ గట్టిగా చెప్పింది. ఆమె తల వంచుకొని గంటసేపూ రాస్తూనే ఉందట.

ఇంటికి వచ్చినాక ఫొటో తీసి, ఫోన్ చేతనే చదివించి చూసినాను. చేతిరాత కదా, పొంతన లేని మాటలు వచ్చినాయి. "ఎవరికైనా చూపించి కనుక్కోండి" అని మైథిలి కాగితం నా చేతికే ఇచ్చింది.

పొల్లాచ్చి మార్కెట్టుకు గోదావరి వైపు నుంచి ఒక కొబ్బరి వ్యాపారి వస్తుంటారు. అరవై ఏళ్ళ మనిషి. నాకు ముఖపరిచయమే. ఆ వారం ఎండుకొబ్బరి గోదాములో ఆయన కనబడితే కాగితం ఇచ్చినాను. ఆయన అద్దాలు పెట్టుకొని మొదట లోపల చదువుకున్నారు. తరువాత నా మొహం చూసినారు. తరువాత పైకి చదివినారు.

"తొమ్మిదికే నీకు తెలిసె. పాపకు మద్దేన్నం చెప్పితివి. పళని దాటితిమంటివి, ఇల్లు దాటకపోతివి. నా మొగం పాపకు చూపకపోతివి. ఇంకొకరు చదివి చెప్పేముందే పాపకు నువ్వు చెప్పు. నీ మీద నాకు కోపం లేదు."

"భాష పాతకాలంగా ఉందండీ," అన్నారు ఆయన. "ఎవరు రాశారండీ?"

తెలియదన్నాను. ఆయన కాగితాన్ని మడతల మీదే మడిచి నా జేబులో పెట్టినారు.

కారులో తిరిగి వచ్చేటప్పుడు నా బుద్ధి ఎట్ల పోయిందో దాచకుండా చెబుతాను. మైథిలికి తెలుగు చదవడం రాదు. ఏదో దేవుడి మాట రాసి ఉందంటే నమ్ముతుంది. ఇంటి ముందర కారు ఆపేవరకూ ఆ మాటే సిద్ధం చేసుకున్నాను.

లోపలికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పినాను. ఎందుకు చెప్పినానంటే నాకే తెలియదు.

ఆమె ఏడవలేదు. "పళని దాటినామని చెప్పినప్పుడు నేనెక్కడున్నాను?" అని అడిగింది.

"వంటింట్లో. నాకు కాఫీ కలుపుతున్నావు."

"కోపం లేదని రాసుందా?"

"రాసుంది."

ఆ ఒక్క మాట రెండుసార్లు అడిగింది. మరునాడు చిన్నమనూరు పోయింది. వాళ్ళ తమ్ముడి ద్రాక్షతోటలో పద్దెనిమిది రోజులు ఉంది. నేను ఫోన్ చేస్తే ఎత్తలేదు. పంతొమ్మిదో రోజు తానే బస్సెక్కి వచ్చింది. నాన్నే కోపం లేదన్నాక నేనేం చేయాలి, అంది. ఆ మాటతో వచ్చింది.

ఆ తరువాత నేను తెలుగు అక్షరాలు నేర్చుకోవడం మొదలుపెట్టినాను. పిల్లల వాచకం తెప్పించుకొని, సాయంత్రాలు కూర్చునేవాణ్ణి. దగ్గర దగ్గర ఏడాది పట్టింది. కూడబలుక్కొని చదవగలిగినాక మొదట తీసింది ఆ కాగితమే.

తొమ్మిది ఉంది. పళని ఉంది. పాప ఉంది. వ్యాపారి చదివినవి ఐదు వరుసలూ ఉన్నాయి. కోపం లేదన్న మాట లేదు. వెనక పక్క తిప్పి చూసినాను. ఖాళీ. ఆ మాట ఆ గోదావరి ఆయన తనంతట తాను కలిపినాడు.

ఆ పూటే మైథిలికి చెప్పినాను. ఆమె పొయ్యి దగ్గర ఉంది. పెనం మీద ఇంకో దోసె పోసింది.

"కోపం లేకుండా ఎట్లుంటుంది," అంది. "నాకే ఉంది."

దోసె తిప్పి నా తట్టలో వేసింది. తన తట్ట తెచ్చుకొని ఎదురుగా కూర్చొనింది.

మా మామగారికి తెలుగు రాయడం రాదు. ఆయన తమిళంలోనే సంతకం చేసేవారు. పెదనాన్నకూ రాదు, వాళ్ళింట్లో అడిగినాను. మైథిలి పేరు తెలుగులో నేను రాసి, చూసి అట్లే రాయమని ఆమెకు ఇచ్చినాను. మూడుసార్లు ప్రయత్నించి పెన్ను పెట్టేసింది. ఆమె తమిళంలో రాసిన ఆ పక్క ఎక్కడికి పోయిందో, ఈ ఐదు వరుసలు ఎవరి చేతివో మా ఇద్దరికీ ఈ రోజు వరకూ తెలియదు. అందులో అబద్ధం మాత్రం ఒక్కటీ లేదు.