కంప్రెసర్ నీళ్లు

మా బోరులో నీళ్లు అడుక్కి పోయిన ఏడాది కంప్రెసర్ పెట్టించాం. అంతకుముందు లోపలికి దించిన మోటారు రెండుసార్లు కాలిపోయింది. లోపల మోటారే అక్కర్లేదు, పైనుంచి గాలి కొట్టి నీళ్లు లేపొచ్చు అని అయిజ టౌను మెకానిక్ చెప్పాడు. సన్న పైపు గుండా గాలి కిందికి పోతుంది. లావు పైపు గుండా నీళ్లూ గాలీ కలిసి పైకొస్తాయి. ధార సాఫీగా ఉండదు, దగ్గు తెరల్లా విసురు విసురుగా వచ్చి తొట్టిలో పడుతుంది. మొదట్లో ఆ చప్పుడుకు తల నొచ్చేది. తర్వాత తర్వాత అది వినపడుతున్నంతసేపూ తోట బతుకుతుందన్న ధైర్యం వచ్చింది.

మా ఆయన వరికోత మిషను నడుపుతాడు. సీజనంతా ఊళ్లు పట్టి తిరుగుతాడు కాబట్టి రెండెకరాల మిరప తోట నా చేతి మీదే నడుస్తుంది. కాయ తెంపడానికి ఊరవతలి వాడకట్టు నుంచి పదిమంది ఆడవాళ్లు వచ్చేవారు. వాళ్లను కూడగట్టుకొచ్చేది చర్చి పక్కింట్లో ఉండే పెద్దామె. నేను కొత్త కోడలిగా వచ్చినప్పుడు కలుపు ఎట్లా తీయాలో నేర్పింది ఆమే. నేను అత్తా అనేదాన్ని, ఆమె నన్ను బిడ్డా అనేది.

మా అత్తగారి రోజుల్లో వాడకట్టు వాళ్లకు పైనుంచి పోస్తే కింద దోసిలి పట్టి తాగేవారు. నా తోటలో ఆ పద్ధతి లేదు. తొట్టి దగ్గర పైపు మూతికి దోసిలి పట్టి అందరం తాగేవాళ్లం, నేనూ వాళ్ల మధ్యనే. దాని గురించి ఎవరి దగ్గరా గొప్పలు చెప్పుకోలేదు గానీ లోపల మాత్రం గర్వంగానే ఉండేది.

మార్చి మొదట్లో ఒక ఉదయం తొట్టిలో నీళ్ల మీద రంగుల పొర కనిపించింది. వేలు ముంచితే జిడ్డు. వాసన చూస్తే మిషను వాసన. మెకానిక్‌ను పిలిపించాను. అతను కంప్రెసర్ మూత విప్పి చూసి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"రింగులు అరిగినయక్కా. ఆయిలు గాలిల కలిసి బోర్లకు పోతుంది. చేనుకు పెట్టుకో, ఏం గాదు. తాగుడు మాత్రం వద్దు."

"బాగు చేయాలంటే ఎన్ని రోజులైతది?"

"సామాను కర్నూలు నుంచి రావాలె. నాలుగైదు రోజులు బంద్ పెట్టాలె."

ఎండ ముదురుతోంది. నాలుగైదు రోజులు నీళ్లు లేకపోతే చెట్ల మీది పూతంతా రాలిపోతుంది. ఈ కోత అయ్యాక చూద్దాం అన్నాను. అతను వెళ్లిపోయాడు. కూలీలకు ఈ మాట చెప్పాలా అని ఆ పూటంతా ఆలోచించాను. చెబితే తాగే నీళ్లు ఊళ్లోంచి నేను మోయించాలి. మోసేవాళ్లు లేరు. నీళ్లు లేని చేను అని తెలిస్తే వాళ్లు పక్క చేనుకు పోతారు, అక్కడ కూడా కాయ పండి ఎదురుచూస్తోంది. ఇట్లా ఒక్కో కారణం పేర్చుకుంటూ పోయి చివరికి చెప్పలేదు. మర్నాటి నుంచి ఇంట్లో సీసా నింపి సంచిలో పెట్టుకుని తోటకు పోవడం మొదలుపెట్టాను.

మిరప తెంపే చేతులు మండుతాయి. చెమట తుడుచుకుంటే కళ్లు మండుతాయి. గంటకోసారి వాళ్లు తొట్టి దగ్గరికొచ్చి మొహాలు కడుక్కుని, కడుపునిండా తాగి మళ్లీ సాళ్లలోకి పోయేవారు. నేను గట్టు అవతలికి పోయి, వాళ్లకు వీపు పెట్టి సీసా ఎత్తేదాన్ని.

"నీళ్లు గ్యాసునూనె వాసనొస్తున్నయేంది బిడ్డా?" అని రెండో రోజు పెద్దామె అడిగింది.

"పైపు కొత్తది అత్తా. రెండు రోజులైతే పోతది" అన్నాను. అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని నాకప్పటిదాకా తెలియదు.

నాలుగో రోజు అన్నాలు తిన్నాక నేను సంచి తీసుకుని గట్టు వైపు లేస్తుంటే ఆమె పిలిచింది. మిగతావాళ్లంతా తొట్టికి దూరంగా జరిగి నిలబడి ఉన్నారు. ఆమె పిడికెడు ఇసుకతో పైపు మూతి చుట్టూ రుద్దుతోంది. రుద్ది, నీళ్లతో మూడుసార్లు కడిగింది. కడిగి, తనూ పక్కకు జరిగింది.

"రా బిడ్డా, కడిగిన. ఇగ తాగు."

నాకు అర్థం కాలేదు. "ఎందుకు కడిగినవత్తా?"

"మూడు దినాల సంది సూస్తున్న. మా ఎంబడి తాగుతలేవు. ఇంటికాడ ఎవలన్న ఏమన్న అన్నరేమో అనుకున్నం. నీ తప్పు గాదులే. మేం జర దూరముంటం, నువ్వు తాగు."

ఆ మాటలో కోపం లేదు. నా ఇబ్బంది తీర్చాలన్న తాపత్రయమే ఉంది. వెనకాల, వాడకట్టుకు కొత్తగా పెళ్లై వచ్చిన ఒక చిన్న కోడలు మొహం పక్కకు తిప్పుకుని నిలబడింది. ఆ క్షణంలోనే నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. ముందుకు నడిచి పైపు కింద దోసిలి పట్టి తాగాను. మళ్లీ పట్టి మళ్లీ తాగాను. నాలుక మీద జిడ్డు తెలిసింది.

"గట్ల ఎందుకనుకున్నరు? నాకు గొంతు నొస్తుంటే ఇంటి నుంచి కాచిన నీళ్లు తెచ్చుకుంటున్న" అన్నాను.

వాళ్ల మొహాలు విప్పారాయి. ఒకామె నవ్వింది. "నేను అప్పుడే అన్న, అక్క అసుమంటిది గాదని" అంది ఇంకొకామె. అంతా తొట్టి దగ్గరికి ఒక్కసారే వచ్చి తాగారు. నా పక్కనే నిలబడి, నా కళ్ల ముందే తాగారు.

మర్నాడు పొద్దున ఆ చిన్న కోడలు రెండు సాళ్లు తెంపగానే కడుపు పట్టుకుని కూర్చుంది. పెద్దామె ఆమెను తొట్టి దాకా నడిపించుకొచ్చి, "ఇన్ని నీళ్లు తాగు, సల్లవడుతది" అంది. ఆ పిల్ల వద్దంది. వాసనకే కడుపులో తిప్పుతోందంది.

"వాసనకేంది? నిన్న అక్క తాగలేదా? మంచియి కాకుంటే తను తాగుతదా?" అంది పెద్దామె.

నేను పోయి కంప్రెసర్ ఆపేశాను. ధార చివరిసారి ఎగదన్ని నిలిచిపోయింది. చప్పుడు ఆగేసరికి సాళ్లలో ఉన్నవాళ్లంతా తలెత్తి చూశారు.

"అవి తాగకండి. అండ్ల మిషను ఆయిలు కలుస్తుంది. మెకానిక్ వచ్చి చెప్పి అయిదు దినాలైంది. నాకు తెలుసు" అన్నాను.

పెద్దామె ఆ పిల్ల భుజం వదిలి నా వైపు తిరిగింది.

"నిన్న తెలిసే తాగినవా?"

"తెలిసే."

"మరి ఎందుకు తాగినవ్?"

"నేను మైల పాటిస్తున్ననని మీరు అనుకుంటున్నరని..."

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. "మైల అన్నా బాగుండు గద బిడ్డా" అంది మెల్లగా. "అది మాకెరికే. ఎరికైనదానికి ఎట్లనో ఓర్సుకుంటుంటిమి."

అప్పటిదాకా తెంపిన కాయను వాళ్లు కళ్లంలో పోసి, పరిచి, అంచులు కూడా సరిచేసి వెళ్లారు. కాయను కాలితో ఒక్కతన్ను తన్ని పోయినా నాకు తేలిగ్గా ఉండేది. ఆ చిన్న కోడల్ని ఆటోలో అయిజ దవాఖానకు తీసుకెళ్లాను. డాక్టరు పరీక్ష చేసి, వేడి చేసిందన్నాడు, మందులు రాశాడు. నీళ్ల సంగతి నేనే చెప్పాను. దానివల్ల కావచ్చు, కాకపోవచ్చు అన్నాడు. సాయంత్రం ఫోనులో మా ఆయనకు చెబితే, "ఎవరికీ ఏం కాలేదు గద, ఇడిసిపెట్టు" అన్నాడు. ఆ మాట వినగానే నా గుండె బరువు కాస్త దిగింది. అట్లా దిగినందుకు ఇంకా సిగ్గుపడ్డాను.

సామాను వచ్చి, రింగులు మార్చి, బోరులో నీళ్లు రెండు రోజులు బయటికి వదిలేసేసరికి వారం పట్టింది. చెట్ల మీది పూత నేననుకున్నట్టే రాలింది. నీళ్లు తేటపడ్డాక వాడకట్టుకు పోయాను. పెద్దామె గుమ్మంలో కూర్చుని బియ్యం చెరుగుతోంది. రమ్మనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. "రేపొస్తం" అంది.

అయిదుగురే వచ్చారు. చిన్న కోడలు రాలేదు. ప్రతి ఒక్కరి చేతిలో ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్ల సీసా ఉంది. వాటిని వరుసగా వేపచెట్టు నీడలో పెట్టి సాళ్లు పట్టారు. తొట్టి దగ్గర చేతులు కడుక్కున్నారు గానీ ఎవరూ దోసిలి పట్టలేదు. పట్టమని అడిగే మొహం నాకు లేదు.

మధ్యాహ్నం దాటాక పెద్దామె పక్క సాలులోకి పోయి తెంపడం మొదలుపెట్టాను. కాసేపటికి ధైర్యం కూడగట్టుకున్నాను.

"అత్తా, తప్పైంది. నన్ను..."

ఆమె చేయి ఆపలేదు, తలెత్తలేదు.

"అడగకు. నువ్వు అడిగితే నేను ఊఁ అనాల్సొస్తది" అంది.

ఆమె సాలులో ముందుకు పోతూనే ఉంది, నేను వెనకబడిపోయాను.