ఓబుళేసు కోర్టులో గానుగ నూనె

ఉరవకొండలో మోపెడ్ ఆగిపోయిన మనిషి రెండు పనులకు సిద్ధపడాలి. ముందు బండిని గుంతకల్లు రోడ్డు దాకా తోసుకుపోవాలి. తోసుకుపోయాక అక్కడ నలుగురి ముందు నిలబడి, బండి తన తప్పు వల్లే చెడిందని గట్టిగా ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే మెకానిక్ ఓబుళేసు స్పానర్ ముట్టడు.

ఈ పిచ్చికి మూలం బళ్లారిలో ఉంది. వయసులో ఉన్నప్పుడు ఓబుళేసు అక్కడ ఒక షెడ్డులో పని చేశాడు. షెడ్డు షావుకారు మేనల్లుడు ఒక రోజు ఎవరిదో ఇంజన్ సిలిండరును లేతు మిషను మీద పెట్టి, పిస్టన్ లోపల గలగలలాడేంత వెడల్పుగా కోసేశాడు. "నేనే చేసినానని చెప్పురా, నీ కొలువు నిలబడతాది" అన్నాడు షావుకారు. ఓబుళేసు చెప్పలేదు. అతని బదులు షావుకారే చెప్పాడు, బజారంతా వినేటట్టు, ఓబుళేసు పేరు పెట్టి. చెయ్యని తప్పుకు కొలువు పోగొట్టుకుని బస్సెక్కిన మనిషి, ఉరవకొండలో సొంత షెడ్డు వేసుకున్న రోజే ఒట్టు పెట్టుకున్నాడు. ఎవరు చెడగొట్టారో తేలనిదే ఏ ఇంజన్నూ విప్పేది లేదని. బళ్లారిలో ఒక మేనల్లుడు చేసిన పనికి ఉరవకొండ చుట్టుపక్కల ఊళ్లన్నీ లెంపలు వేసుకోవలసి వచ్చింది.

షెడ్డు ముందు ఎప్పుడో కాలం చేసిన జీపు తాలూకు వెనక సీటు ఉండేది. పనిలేని వాళ్లు దాని మీద కూర్చుంటే వాళ్లే పంచాయితీ పెద్దలు. వానలు లేని ఊళ్లో ఆ సీటు ఖాళీగా ఉండడం ఎవరూ చూడలేదు. పక్కనే కుళ్లాయప్ప టీ అంగడి. తప్పు తేలినవాడు సీటు మీద ఉన్నవాళ్లందరికీ, ఓబుళేసుతో సహా, టీలు ఇప్పించాలి. అది జరిమానా. ఓబుళేసు తన జేబులోంచి తీసి ఒకరికి టీ పోయించిన దాఖలా మాత్రం లేదు.

తిప్పేష్‌కు ఈ తతంగమంటే ఇష్టం. అతను డిగ్రీ మధ్యలో వదిలేసి, గ్రంథాలయంలో అట్టలూడిన పుస్తకాలన్నీ చదివేసి, లోకంలో జరిగేదంతా అన్యాయమేనని తేల్చుకున్న మనిషి. మొత్తం జిల్లాలో దావా పడిన రోజే తీర్పు వచ్చే కోర్టు ఇదొక్కటే అని అతని అభిప్రాయం. అందుకని తీరిక దొరికినప్పుడల్లా వచ్చి జీపు సీటు మీద ఒక మూల కూర్చునేవాడు. తీరిక అతనికి ఎప్పుడూ దొరికేది.

ఒకసారి హనుమంతరాయుడు వచ్చాడు. పెద్ద రైతు, తెల్ల పంచె, మాట పడని మనిషి. స్కూటరును జీతగాడితో తోయించుకుని వచ్చాడు.

"ఏమైంది?" అన్నాడు ఓబుళేసు.

"దానంతట అదే నిలబడిపోయినాది."

"దానంతట అదా? ఏం, నీ మీద అలిగినాదా?"

"ఏమప్పా, రిపేరు చెయ్యమంటే ఎకసెక్కాలా?"

"ఎంతమంది ఎక్కినారు?"

"నేనొక్కన్నే."

ఓబుళేసు బీడీ ముట్టించి గోడకు ఆనుకున్నాడు. స్కూటరు అక్కడే ఎండకు ఎండింది. దాని నీడలో మేకలు పడుకున్నాయి. ఆ వారమంతా హనుమంతరాయుడు బస్సులో తిరిగి, సంతనాడు ముఖం వేలాడేసుకుని వచ్చాడు. "నేను, మా బావమరిది, వాని కొడుకు, ఒక ఎరువు మూట" అని నేల చూపులు చూస్తూ చెప్పాడు.

"కుళ్లాయప్పా, టీలు!" అన్నాడు ఓబుళేసు, స్పానర్ అందుకుంటూ.

విడపనకల్లు ఎర్రప్పది ఇంకో తరహా. బండి దిగకముందే మొదలుపెట్టేవాడు. "ఆయిల్ మార్చలేదన్నా. ఎత్తులో కూడా పెద్ద గేరులోనే పోయినా. మా మామకు తెల్వకుండా చెనిక్కాయలు కూడా అమ్మినా."

"ఇంజన్ మటుకు చెప్పప్పా. మిగతావి యాడన్నా గుడిలో చెప్పుకో."

పాస్టర్ ఇమ్మానుయేల్ కూడా తప్పించుకోలేకపోయాడు. "మా కాడ తప్పు ఒప్పుకుంటే దేవుడు అప్పుడే క్షమిస్తాడు ఓబుళేసూ" అన్నాడాయన నవ్వుతూ.

"నిజమే సార్. ఈడ క్షమించల్సింది ఇంజన్ గదా. దానికంత పెద్ద మనసు లేదు."

తిప్పేష్‌కు ఈ కోర్టు మీద ఉన్న గౌరవం, తన ఇంటి బండి అక్కడికి వచ్చేదాకా చెక్కుచెదరలేదు.

తిప్పేష్ అన్న వీరప్పది బొరుగుల బట్టీ. వీరప్ప ఇంటి దగ్గర బొరుగులు వేయించేవాడు, అతని భార్య జయంతి మోపెడ్ మీద మూటలు కట్టుకుని ఊరూరా అమ్ముకొచ్చేది. ఆమె బండి నేర్చుకుంటానన్నప్పుడు ఇంట్లో పెద్ద రగడే అయింది. చివరికి వీరప్ప ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. "నీ చేతిలో బండికేమన్నా అయ్యిందా, ఆ దినంతో సరి. మళ్లా పొయ్యి కాడ కూచోవల్ల." ఆ పొయ్యి ముందు కూర్చోవడమంటే ఏమిటో జయంతికి బాగా తెలుసు. బట్టీ వేడికి ఆమె చెయ్యి ఒకవైపు ఎప్పుడూ నల్లగా ఉండేది. బండెక్కాకనే ఆ నలుపు విరిగింది.

రెండువేల సంవత్సరం ఎండాకాలంలో ఒక పొద్దున ఆ మోపెడ్ కిర్రుమని అరిచి నడిరోడ్డు మీద బిగుసుకుపోయింది. ఇంజన్ కదలదు, పెడలు తిరగదు. తిప్పేష్ ఎదురొచ్చి ఒక చెయ్యి వేశాడు. ఇద్దరూ తోసుకుంటూ బయలుదేరారు.

"ఏం జరిగింది వదినా?"

"ఏం లేదు."

"పెట్రోలులో ఆయిల్ కలిపినావా?"

"కలిపినా."

"ఏ ఆయిల్?"

జయంతి కాసేపు బండి తోసింది. "బంకులో ఆయిల్ ప్యాకెట్లు అయిపోయిండె. వజ్రకరూరు సంతకు పోవల్ల. అందుకని మన గానుగ నూనె పోసినా."

తిప్పేష్ ఆగిపోయాడు. "చెనిక్కాయ నూనెనా?"

"ఏం, దానికేం తక్కువ? మన చేలో పండిన కాయలు, మన కండ్ల ముందర ఆడించిన నూనె. బంకోడిచ్చే కల్తీ దాని కన్నా మేలు గదా అనుకున్యా."

తిప్పేష్‌కు అప్పుడర్థమైంది. నాలుగైదు రోజులుగా జయంతి బండి వెనక పిల్లలు ఎందుకు పరుగెత్తుతున్నారో, బొరుగుల మూటలు మధ్యాహ్నానికే ఎందుకు ఖాళీ అవుతున్నాయో. వేరుశనగ నూనె కాలి, ఆ బండి ఏ వీధిలో పోయినా వెనక బజ్జీల వాసన వదులుతూ పోయింది. ఊళ్లకు ఊళ్లు ఆకలితో బయటికొచ్చాయి.

షెడ్డు దగ్గరికి వచ్చేసరికి జీపు సీటు నిండుగా ఉంది. ఎర్రప్ప కూడా ఉన్నాడు. బండిని చూసి ముక్కు ఎగబీల్చాడు.

"కుళ్లాయప్పా, బజ్జీలు ఏస్తాండావా?"

"నా కాడ నూనె బాండ్లే లేదు, బజ్జీలు యాడియి?" అన్నాడు కుళ్లాయప్ప.

ఓబుళేసు వంగి సైలెన్సర్ దగ్గర ముక్కు పెట్టాడు. పెట్టినవాడు కాసేపు తియ్యలేదు. లేచి జయంతి వైపు చూశాడు. ఆమె కొంగు వేళ్లకు చుట్టుకుంటోంది.

"చెప్పు పాపా."

జయంతి జీపు సీటు వైపు చూసింది. ఆ సీటు మీద చెప్పిన మాట మధ్యాహ్నంలోపల ఊరంతా చేరుతుంది. అయితే మధ్యాహ్నం దాకా ఆగే పని కూడా లేకపోయింది. ఎవరో పుణ్యాత్ముడు కబురు మోసినట్టున్నాడు, వీరప్ప బట్టీ బూడిద చేతులతోనే సైకిల్ తొక్కుకుంటూ వచ్చి దిగాడు.

"నేను ముందే చెప్పలే?" అని సైకిల్ స్టాండు వెయ్యకముందే అందుకున్నాడు. "అడుగన్నా ఓబుళేసన్నా, నలుగుర్లో అడుగు. ఏం చేసిందో చెప్పనీ. ఇంగ తాళంచెవి నా కాడనే ఉంటాది."

'నేనే పోశాను' అని చెప్పాలనుకున్నాడు తిప్పేష్. వాక్యం కూడా తయారు చేసుకున్నాడు. అది మంచి వాక్యం, పుస్తకాల్లో ఉండేలాంటిది. అంత మంచి వాక్యం కాబట్టే గొంతు దాటలేదు.

ఓబుళేసు మెల్లగా మేకు మీదున్న స్పానర్ తీశాడు.

"ఆగన్నా!" అన్నాడు ఎర్రప్ప, ఏదో అపచారం జరుగుతున్నట్టు. "తప్పెవరిదో ఇంకా తేలలేదే?"

"తేలింది" అన్నాడు ఓబుళేసు. "తప్పు నాది."

జీపు సీటు కిర్రుమంది. కుళ్లాయప్ప చేతిలో టీ గిన్నె పక్కకు ఒరిగింది.

"పోయిన వారం బ్రేకులకని తెచ్చినారే, అప్పుడు ట్యాంకులో ఆయిల్ కలిపింది నేనే. మా తిరుపాలమ్మ ఇంటి నుంచి పంపిన చెనిక్కాయ నూనె డబ్బా పక్కనే ఉండె. అదెత్తి పోసినా."

వీరప్ప తెల్లబోయాడు. "నీకు కండ్లు కనపడవా?"

"కనపడింటే పోస్తానా?"

"మరి ముక్కు?"

"జలుబు."

వీరప్ప ఓబుళేసును చూశాడు, బండిని చూశాడు, పెళ్లాన్ని చూశాడు. తెచ్చుకున్న కోపాన్ని ఎక్కడ దించాలో తెలియక కాసేపు మోస్తూ నిలబడ్డాడు. "ఈయప్ప పనికి నువ్వెందుకు ఏడుపు ముఖం పెట్టుకున్యావు? ముందే చెప్పల్ల గదా" అని జయంతిని గదమాయించి, సైకిలెక్కి బట్టీకి పోయాడు.

"మరి టీలు?" అన్నాడు ఎర్రప్ప.

"పోయప్పా, అందరికీ" అన్నాడు ఓబుళేసు.

"దుడ్లు ముందర పెట్టన్నా, నాకు నమ్మకం చాలడంలే" అన్నాడు కుళ్లాయప్ప.

ఇంజన్ విప్పితే లోపల నూనె పాకంలా ముదిరి పిస్టన్ రింగులను అతికించేసింది. సిలిండరు గోడల మీద పిల్లి రక్కినట్టు నిలువు గీతలు. అనంతపురం జిల్లాలో బోరు పోయిందంటే మనుషులు పొలం వైపు చూసి కూలబడతారు. మోపెడ్ సిలిండరును కూడా బోరనే అంటారు, అది పోయినా కూలబడేది అలాగే. కొత్తది వెయ్యాలంటే బొరుగులు అమ్మితే చాలదు, బట్టీని కూడా అమ్మాలి. పైగా ఇప్పుడు తప్పు ఓబుళేసుది, ఖర్చూ అతనిదే.

అతను గుంతకల్లులో పాత సామాన్లు అమ్మే గుజరీ అంగళ్లన్నీ తిరిగాడు. ఎక్కడో తుక్కుకింద అమ్మేసిన మోపెడ్ సిలిండరు ఒకటి పట్టుకొచ్చాడు. బయట గాలికి చల్లబడే రెక్క ఒకటి విరిగింది గానీ లోపల గోడ గట్టిది. లేతు మీద దాన్ని ఒక సైజు పెద్దగా కోయించి, దానికి సరిపడే పిస్టన్ వేశాడు. లేతు దగ్గర మాత్రం పనివాణ్ణి నమ్మకుండా, బళ్లారి గుర్తొచ్చిందేమో, పని అయ్యేంతవరకు పక్కనే నిలబడ్డాడు. కింద వేసే గ్యాస్కెట్టును ఎవరిదో పెండ్లి పత్రిక అట్టతో కోశాడు.

"కొన్ని దినాలు మెల్లగా పోనీ పాపా, కొత్త కోడలు మాదిరి" అని బండి అప్పజెప్పాడు.

"కొత్త కోడల్ని మెల్లగా యాడ పోనిస్తారన్నా?" అంది జయంతి. అని, ఇంకేదో అనబోయింది. ఓబుళేసు అప్పటికే వేరే బండి కింద దూరిపోయాడు.

ఆ రోజుతో అతని కోర్టు కూలిపోయింది. ఎవరిని "ఏం చేసినావు?" అని అడిగినా, "నువ్వేం పోసినావో ముందు చెప్పన్నా" అనడం మొదలుపెట్టారు. హనుమంతరాయుడైతే బండి బాగానే ఉన్నా వచ్చాడు, ఆ మాట అనడానికే. ఎర్రప్ప కూడా తప్పులు చెప్పడం మానేసి మామూలు మనిషైపోయాడు. అతని పెళ్లాం తిరుపాలమ్మ షెడ్డుకే వచ్చి నిలదీసింది. "నేనెప్పుడు నూనె డబ్బా పంపినా నీకు?"

"గమ్మునుండవే" అన్నాడు ఓబుళేసు, బండి కిందనుంచి.

కొన్నేళ్లకు తిప్పేష్‌కు బెంగుళూరులో ఏదో గోడౌన్లో పని దొరికింది. లోకం మీద అభిప్రాయం మారలేదు గానీ, ఆకలి మీద మారింది. బస్సు కోసం గుంతకల్లు రోడ్డు మీద నిలబడితే, ఎదురుగా జీపు సీటు మీద ఓబుళేసు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. స్ప్రింగులు బయటికొచ్చిన ఆ సీటు మీద ఇప్పుడెవరూ కూర్చోరు. తిప్పేష్ పోయి పక్కన కూర్చున్నాడు.

"అన్నా, ఒకటి అడుగుతా. బళ్లారిలో చెయ్యని తప్పు ఒప్పుకోమంటే ఒప్పుకోలేదు. కొలువు పోయినా ఒప్పుకోలేదు. మరి ఈడ?"

"బళ్లారిలో ఒప్పుకోమని అడిగినారప్పా. ఈడ ఎవురడిగినారు?"

జయంతి బండి అటుగా పోయింది, వెనక రెండు బొరుగుల మూటలు. ఆమె హారన్ కొట్టింది. పొగలో ఏ వాసనా లేదు. ఓబుళేసు చెవి రిక్కించి ఇంజన్ శబ్దం దూరమయ్యేదాకా విన్నాడు.

తిప్పేష్ కుళ్లాయప్ప వైపు చెయ్యెత్తాడు. "అన్నా, నీకొక టీ ఇప్పిచ్చి పొమ్మనింది వదిన."

ఓబుళేసు కంగారుగా అతని చెయ్యి పట్టుకుని కిందికి దించాడు.

"వద్దప్పా! టీ ఇప్పిస్తే ఆ పాప తప్పు ఒప్పుకున్నట్లయితాది. ఆ తప్పు నాది. నేనెవురికీ ఇయ్యను."