అమ్మమ్మ సైరన్

సూర్యుడు కూడా మా అమ్మమ్మను అడిగే అస్తమిస్తాడు. ముప్పై ఏళ్లు మిల్లులో సైరన్ మోగించిన మనిషి మరి! ఇప్పుడు మిల్లు లేదు, నేను దొరికాను. నా వీడియోగేమ్‌కు ఇంటర్నెట్ సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకానే వచ్చేలా రౌటర్‌లో తనే టైము పెట్టింది.

నిన్న ఫైనల్ మ్యాచ్ ఏడున్నర దాకా ఉంది. అరగంట ఎక్కువ అడిగితే కుదరదంది. నేనా లొంగేది? హాల్లో గోడ గడియారాన్ని గంట వెనక్కి తిప్పేశాను. అయినా గెలిచే ఆట మధ్యలో ఇంటర్నెట్ పోయింది.

"ఇంకా ఆరే అయింది, చూడు!" అని అరిచాను.

అమ్మమ్మ తన చేతి గడియారం చూసుకుంది.

"రౌటర్ మన గోడకేసి చూడదురా, మొద్దూ."

"అయితే రేపు రౌటర్‌నే పీకేస్తా!"

"పీకు. ఆ గంటా పోతుంది. ముందు స్టూలెక్కి గడియారం సరిచెయ్యి."